పటములోని పాట

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలోని పాతయిండ్ల పడసాలలలో గోడలకు వ్రేలాడు ఛాయాపటములను పాఠకులు చూచియే యుందురు. కుర్చీలో కూర్చున్న తాతగారు, ఆయన ప్రక్క నిలిచిన అవ్వగారు, పెండ్లిపీటలమీది వధూవరులు, పట్టము పుచ్చుకొన్న దినమున నల్లగౌను తొడిగిన పెద్దకుమారుడు - ఇంతే. ఆ యిండ్లలోనే తెల్లవారుజామున విసురురాతికడ పాట పుట్టినది. పత్తిచేలలో పాట పెరిగినది. బిడ్డ పుట్టినను, పిల్ల పెద్దమనిషియైనను, క్రొత్తయల్లుడు గడపలో కాలు పెట్టినను స్త్రీలు పాడిరి. అయినను పాడుచున్న స్త్రీ పటము ఆ గోడలమీద మాకు కనబడదు. ఎక్కడనైన కనబడినచో, అది పెండ్లి కావలసిన పిల్ల వీణనో హార్మోనియమునో ముందుంచుకొని కూర్చున్న పటము. అది పాటకై తీసిన పటము కాదు. సంబంధము కుదుర్చుకొనుటకు పంపిన విజ్ఞాపనము.

ఈ లోపమును మనసునందుంచుకొనియే మేము నేటి విషయమునకు వచ్చుచున్నాము. సంగీతమును, సంఘములోని మార్పును ఏకకాలమున చూపదలచిన నలుపు తెలుపుల ఛాయాచిత్ర ప్రదర్శనములు గడచిన డెబ్బదియేండ్లలో దేశదేశములందు జరిగినవి. వాటిని చూచుటకు మన తాలూకాలవారు న్యూయార్కునకో లండనునకో పోలేరు. ప్రదర్శనానంతరము వెలువడు గ్రంథముల మూలముననే అవి మనబోంట్లకు అందుచున్నవి. అందినంతవఱకు వాటిని చూచి, మెచ్చవలసినది మెచ్చి, అడుగవలసినది అడుగుట విమర్శకుని ధర్మము. మే మడుగునవి రెండే ప్రశ్నలు. పటములో ఎవరు లేరు? పటములో ఉన్నవారి పాట వారిదేనా, లేక వారిచేత పాడించినదా?

మొదట మెచ్చవలసినవాని మెచ్చుదము. రాయ్ డికరావా యనునతడు న్యూయార్కు నగరములోని హార్లెమ్ పేటలో 1919లో పుట్టిన నల్లజాతివాడు. ఆ పేటవారి యిండ్లను, వీథులను, జాజ్ గాయకులను చిత్రించెను. 1952లో గుగ్గెన్‌హైమ్ పారితోషికము పొందెను. ఛాయాచిత్రకారులైన నల్లవారిలో దానిని పొందిన మొదటివాడతడే. అతని సంగీతచిత్రముల ప్రదర్శనము 1983లో హార్లెమ్‌లోని స్టూడియో మ్యూజియములోనే జరిగినది. దానికి పెట్టిన పేరునకు 'నేను చూచిన నాదము' అని యర్థము చెప్పుకొనవచ్చును. అతడు మెఱుపుదీపము వాడలేదు. ఉన్న వెలుగులోనే తీసెను. అందుచేత ఆ పటములలో నలుపు నలుపుగానే నిలిచియుండును. దానిలోపల మఱి పది ఛాయలు మెల్లగా కంటికి చిక్కును. తన జాతివారి చర్మమును వెలిగించి తెలుపు చేయుట అతని కక్కఱలేకపోయినది.

ఈ మాట మన కెంత దగ్గఱిదో యోచింపుడు. మన యూళ్లలోని ఫోటో స్టూడియోలలో ఆ కాలమున జరిగిన పనియేమి? పెండ్లికూతురి ముఖము నల్లగా పడినదని, నెగటివుమీద సన్నని పెన్సిలుతో దిద్ది, ముద్రించిన పటములో ఆమెను ఒకటిరెండు ఛాయలు తెలుపు చేసి యిచ్చెడివారు. తలిదండ్రులు సంతోషించెడివారు. ఆ పిల్ల తన పటమును చూచుకొని, తన రంగు తప్పని నేర్చుకొనెడిది. నలుపు తెలుపుల చిత్రకళలో నలుపునకు గౌరవమిచ్చుట కేవలము కళావిషయము కాదు, సంస్కారవిషయము. డికరావా చేసిన సంస్కరణము అది. ఏ సభయు పెట్టక, ఏ తీర్మానమును చేయక, చీకటిని చీకటిగా చూపుటచేతనే దానిని సాధించెను.

రెండవవాడు ఇంగ్లండువాడైన సిడ్ షెల్టన్. 1976లో ఆ దేశమున వర్ణద్వేషము ప్రబలుచుండగా దానికి ఎదురుగా 'రాక్ అగెయిన్‌స్ట్ రేసిజమ్' అను సంగీతోద్యమము పుట్టినది. 1978వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన జనులు లండనులో ఊరేగింపుగా నడచి విక్టోరియా పార్కున గొప్ప సంగీతసభ చేసిరి. షెల్టన్ ఆ యుద్యమములోనివాడై యుండి పటములు తీసెను. 2015లో అవి లండనులోని రివింగ్‌టన్ ప్లేస్‌లో ప్రదర్శింపబడినవి. ఇతని గొప్పతనము, గాయకునివైపే కాక శ్రోతలవైపును కెమెరా త్రిప్పుట. నల్లపిల్లవాడును తెల్లపిల్లవాడును ఒకే తీగకంచె నానుకొని వినుచున్నప్పుడు మారుచున్నది పాట కాదు, వినువారి పొందిక. మన సంగీతసభల పటములలో శ్రోతలు కనబడుట యరుదు. ఎవరు ముందు చాపమీద కూర్చుండిరి, ఎవరు గుమ్మము వెలుపల నిలిచి వినిరి అను సంగతి ఏ పటమును చెప్పదు. చెప్పినచో మన సంగీతచరిత్ర వేఱుగా వ్రాయవలసియుండును.

ఇక అడుగవలసినది అడుగుదము. ఇట్టి ప్రదర్శనములలో జగత్ప్రసిద్ధమైనది 1955లో న్యూయార్కు ఆధునిక కళామందిరమున ఎడ్వర్డ్ స్టైకెన్ కూర్చిన 'ఫ్యామిలీ ఆఫ్ మాన్', అనగా మానవకుటుంబము. 68 దేశములనుండి 273 మంది తీసిన 503 పటములు అందులో నుండెను. తరువాత అది దేశాటనము చేసి మన దేశమునకును వచ్చినది. నేడు లక్సెంబర్గులోని క్లెర్వో కోటలో శాశ్వతముగా నున్నది. ఆ ప్రదర్శనమంతటను మరల మరల కనబడునది వేణువూదుచున్న పెరూ బాలుని పటము. లోకమంతయు ఒకే పాటకు తల యూచుచున్నదని దాని భావము. మంచి భావమే. కాని ఆ బాలుని పేరేమి? పటము క్రింద దేశము పేరున్నది, తీసినవాని పేరున్నది. ఊదినవాని పేరు లేదు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ ఈ ప్రదర్శనమునుగూర్చి 1957 నాటి తన గ్రంథములో ఒక చక్కని యాక్షేపణ చేసెను. పుట్టుక, చావు, శ్రమ అందఱికిని సమానమే యని చూపుచు, ఎవడు ఎట్టి దారిద్ర్యములో పుట్టెను, ఎవని శ్రమ ఎవనికి లాభమాయెను అను చరిత్రను ఆ పటములు మఱపించుచున్నవని ఆయన వాదము. మేము దానికి ఒక మాట చేర్చుచున్నాము. పాటయు అట్టిదే. అందఱును పాడుదురనుట నిజమే. కాని అందఱును ఒకే కారణమున పాడరు.

మన ప్రాంతమునకు దగ్గఱగా వత్తము. 1876-78 నాటి ధాత కఱవు బళ్లారి, కర్నూలు జిల్లాలను నుగ్గుచేసినది. ఆదోని తాలూకా నాడు బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడే కర్నూలుజిల్లాలో చేరినది. ఆ కఱవుకాలమున మదరాసు రాజధానిలో హూపర్ అను సైనికాధికారి, ఎముకలగూళ్లైన జనులను వరుసగా కూర్చుండబెట్టి పటములు తీసెను. వాటిని చూచిన ఆనాటి దొరలలోనే కొందఱు, అన్నము పెట్టవలసినచోట పటము తీయుట యేమని యేవగించుకొనిరి. ఆ పటములలో నోళ్లు కలవు, మాట లేదు. అదే కాలమున మన జనులు నోటితో నిలుపుకొన్న దేమి? ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 నాటి కఱవులో అన్నము పెట్టిన వృత్తాంతమును పాటగా పాడుకొనిరి. కెమెరా మనలను ఆకలిగొన్న మూకగా జ్ఞాపకముంచుకొన్నది. పాట మనలను అన్నము పెట్టినవారుగాను, తిన్నవారుగాను, కృతజ్ఞులనుగాను జ్ఞాపకముంచుకొన్నది. ఈ రెండు జ్ఞాపకములలో ఏది ప్రదర్శనశాల కెక్కినదో చెప్పనక్కఱలేదు.

హూపర్‌కు ఎదురుగా నిలుపదగినవాడు సునీల్ జానా. 1918లో అస్సాములోని డిబ్రూగఢ్‌లో పుట్టి, 1943లో పి. సి. జోషీగారి ప్రోద్బలమున బెంగాలు కఱవు చిత్రించుటకు బయలుదేరెను. తోడుగా చిత్రకారుడు చిత్తప్రసాద్ ఉండెను. తరువాత అమెరికా ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బర్క్-వైట్‌తో కూడ దక్షిణదేశపు కఱవుపట్టులు తిరిగెను. కఱవునకు పోయిన ఈ కన్నే రైతుసభలను, గిరిజనుల నృత్యములను, శాంతారావు, ఇంద్రాణీ రహమాన్ మొదలైన నర్తకీమణులను చూచినది. 1998లో న్యూయార్కున జానా పటముల గొప్ప ప్రదర్శనమును కూర్చినవాడు ఇంద్రాణిగారి కుమారుడు రామ్ రహమాన్. ఇంద్రాణిగారు కోరాడ నరసింహారావుగారికడ కూచిపూడి నేర్చి దానిని విదేశములలో చూపిన తొలివారిలో నొకరు గనుక, ఈ పటములతో తెలుగువారికి దగ్గఱి చుట్టఱికమే కలదు.

జానా చిత్రములలో పేదవాడు క్రిందికి చూడడు. కెమెరాను క్రిందినుండి పైకెత్తి పట్టుటచేత కూలిమనిషి కొండవలె నిలుచును. ఇది గౌరవము. అయినను, నర్తకుల పటములు చూచునప్పుడు మా మొదటి ప్రశ్న మరల తలయెత్తును: ఎవరు లేరు? 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము చేసినది. అది న్యాయమైన చట్టము. సంస్కారప్రియులు దానికై ఎంతయో పోరాడిరి. కాని ఆ దశాబ్దములందే నృత్యము గౌరవకుటుంబముల పిల్లలచేతికి వచ్చి ఛాయాచిత్రమునకును వేదికకును యోగ్యమాయెను. దానిని తరతరములుగా కాపాడిన కళావంతుల స్త్రీలు క్రమముగా వేదిక దిగిపోయిరి. పటములో వెలుగుచున్న ముద్రను చూచినప్పుడు, ఆ ముద్ర నేర్పినవా రెక్కడ నున్నారని యడుగవలసిన బాధ్యత మనది. దురాచారమును తీసివేయుటలో, దానికి బలియైన మనిషిని కూడ తీసివేయుట సంస్కారము కాదు.

మన తాలూకాలకు ఈ మాట మఱింత తగులును. బళ్లారి, ఆదోని, ఆలూరు ప్రాంతములలో ఆడపిల్లను దేవునికి విడిచి బసివిని చేయు ఆచారముండెను. కొడుకులేని యింట ఆమె కొడుకై, ఆస్తి పొంది, తలిదండ్రులకు కర్మ చేసి, పెండ్లి మాత్రము లేక బ్రదుకవలసినది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మఱల ఒక చట్టము చేయవలసివచ్చెననగా, 1947 నాటి చట్టము ఊళ్లలోనికి ఎంతవఱకు నడచినదో ఊహించుకొనవచ్చును. ఈ స్త్రీలను చిత్రించువారు సాధారణముగా ఒకే రీతిని చిత్రింతురు: చీకటిగది, కిటికీ, తలవంచిన ముఖము. వారికి పాట వచ్చునని గాని, తిట్టుట వచ్చునని గాని, నవ్వుట వచ్చునని గాని చూచువానికి తట్టదు. పేరు వేయవలెనా వద్దా యను చిక్కు ఇక్కడ నిజమైనది. వేసినచో బిడ్డల పెండ్లిండ్లకు అడ్డము రావచ్చును. వేయనిచో మరల ఊరుపేరు లేని మూక యగుదురు. దీనికి మా సమాధానమొక్కటే. ఆమెను అడుగుడు. ఏ పటము పెట్టవలెనో, ఏ పేరు పెట్టవలెనో ఆమెయే చెప్పును.

పటము చక్కగా చూపగల మార్పును ఒకదానిని చెప్పకుండుట న్యాయము కాదు. అది మన రంగస్థలము. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో తెలుగు నాటకమున పాటను ప్రవేశపెట్టిరి. ఆ నాటకములలో ఆడువేషములు మగవారివే. స్థానం నరసింహారావుగారు (1902-1971) సత్యభామయై నిలిచిన పటమును చూచినవారు నేటికిని నివ్వెఱపోవుదురు. కాని బళ్లారి రాఘవగారు (1880-1946) స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవిగారివంటి కులస్త్రీలను వేదికమీదికి తెచ్చిరి. పి. వి. రాజమన్నారుగారి 'తప్పెవరిది' వంటి సాంఘికనాటకములను ఆడిరి. రాగాలాపనను తగ్గించి ముఖముచేతను కంఠముచేతను రసము నిలిపిరి. మూగదియైన ఛాయాచిత్రము, పాడుటచే పేరొందినవారి కన్యాయమును, రాఘవగారివంటివారికి న్యాయమును చేయుట సహజమే. స్థానంవారి పటమును, పద్మావతీదేవిగారి పటమును ప్రక్కప్రక్కన పెట్టినచో ఏ యుపన్యాసమును చెప్పలేనంత సంఘచరిత్ర అక్కడ నున్నది. మొదటిది నైపుణ్యము, రెండవది ధైర్యము.

అయినను అన్ని మార్పులును ఇట్లు కంటికి చిక్కవు. ఇదియే మా రెండవ ప్రశ్న. తప్పెట నుదాహరణగా తీసికొందము. మన పల్లెలలో జాతరకును, పీర్లపండుగకును, చావునకును తప్పెట మ్రోగవలసినదే. పీర్లపండుగలో హిందువులును ముస్లిములును కలిసి గుండము చుట్టు తిరుగుట మన సీమకు అలంకారము. దానిని చిత్రించిన పటములు అందమైనవి. కాని తప్పెట కొట్టుచున్న చేయి తరతరములుగా ఒకే కులమువారిదని, అది వెట్టిగా కొట్టిన చేయి యని పటము చెప్పునా? 1994 జూలై 7వ తేదీన ప్రకాశంజిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా యుద్యమము పుట్టినది. ఊరివారి యాజ్ఞను చాటిన తప్పెటయే నాడు తమ హక్కును చాటినది. తోలు అదే, పుల్ల అదే, ఎత్తిన చేయి అదే. రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టుడు. నలుపు తెలుపులలో రెండును ఒక్కటియే. మార్పు పటములో లేదు. పటము క్రింద వ్రాసిన వాక్యములో నున్నది. ఆ వాక్యము వ్రాయని ప్రదర్శనము, వెట్టిని వేడుకగా అమ్ముచున్నది.

ఎమ్మిగనూరి మగ్గము కూడ ఇట్టిదే. 1938లో అక్కడ నేతగాండ్ర సహకార సంఘము స్థాపితమైనది; దానిని పెంచిన మాచాని సోమప్పగారికి 1954లో పద్మశ్రీ బిరుద మిచ్చిరి. సావుకారు నూలు తెచ్చి నేసిన నేతగాడును, తన సంఘపు నూలుతో నేసిన నేతగాడును ఒకే గుంటమగ్గములో, ఒకే నాడెను, ఒకే లయతో విసరుదురు. పటమునకు ఆ లయ వినబడదు. ఆ నూలు ఎవరిదో కనబడదు. నేతగాని యింట కండెలు చుట్టు స్త్రీయు, బాలికయు సాధారణముగా చట్రమునకు వెలుపలనే యుందురు. అందమైన మగ్గము పటము గీయించుకొన్న కాలెండరును గోడకు తగిలించి మనము సంతోషింతుము. ఆ కండెలు చుట్టిన పిల్ల బడికి పోయినదా యని యడుగము.

ఇట్లన్నంతమాత్రమున ఛాయాచిత్రమును నిరాకరింపుడని మా యభిప్రాయము కాదు. పటమునకు నోరు లేదు గనుక నోటిని ప్రక్కన పెట్టవలె ననుటయే. ఇందుకు తెలుగులోనే దారి వేసినవారు కలరు. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధపోరాటములో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించుచు 'మనకు తెలియని మన చరిత్ర' ప్రకటించిరి. అంతవఱకు వీరనారులని పొగడబడిన స్త్రీలు, పోరాటము ముగిసిన తరువాత మరల వంటింటికి పంపబడితిమని అందులో చెప్పుకొనిరి. ఏ పటము చెప్పగలదు ఈ మాట? తుపాకి పట్టిన చేయి పటమున కందును. తరువాత గరిటె పట్టిన చేయి అందదు.

కాబట్టి మా కోరిక చిన్నది. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఏదైన బడి సెలవులలో దాని గదులలో ఇట్టి ప్రదర్శన మొకటి జరుగవలెను. పట్టణమునుండి పటములు తెప్పింపనక్కఱలేదు. మన యిండ్లలో, స్టూడియోల అటకలమీద, నాటకసమాజముల పెట్టెలలో ఉన్నవి చాలును. ప్రతి పటము క్రింద తీసినవాని పేరుతోపాటు పాడినవారి పేరు, వా రొప్పుకొన్నచో, ఉండవలెను. ఆ పాట ఎవరి యాజ్ఞమీద పాడినది, దానికి కూలి ముట్టినదా అను ఒక వాక్యముండవలెను. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడింటను వ్రాయవలెను. మన యూళ్లలో మూడును ఇంటిభాషలే గదా. పటములో నున్నవారి బిడ్డలను మొదటి దినమున పిలిచి, ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. కొన్ని గోడలను ఖాళీగా విడువవలెను. ఎవరి పాటకు పటము లేదో వారి పేరు మాత్రము అక్కడ వ్రాయవలెను.

ఇంటి యిల్లాండ్రు ఈ పనిని రేపే ప్రారంభింపవచ్చును. మీ యత్తగారో మేనత్తయో విసురురాతి పాట నింకను మఱవకుండినచో, ఆమెను పాడుమని యడిగి, పాడుచుండగా ఒక పటము తీయుడు. తలదువ్వి, పట్టుచీర కట్టించి, కుర్చీలో కూర్చుండబెట్టి తీయవలదు. ఉన్నచోట ఉన్నవెలుగులో తీయుడు. నలుపును దిద్దవలదు. క్రింద ఆమె పేరు వ్రాసి, పాట మొదటిమాటలు వ్రాసి, తాతగారి పటము ప్రక్కనే తగిలింపుడు. తాతగారు కోపగింపరు.